నేను బిగించని రేకుపట్టీ

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా కోడలు హాల్లో చాప వేసుకుని తన కంప్యూటరు డబ్బా విప్పి కూర్చుంది. రుషికొండలో ఒక ఆఫీసుకు కదిలే బొమ్మలు తయారుచేసి పెట్టడం తన ఉద్యోగం, వారంలో మూడు రోజులు ఇంట్లోంచే పని. పాత గ్రాఫిక్స్ కార్డు ఆ బొమ్మల బరువు మోయలేకపోతోందని ఇటుకంత కార్డు ఒకటి కొత్తగా తెప్పించుకుంది. పాతది తీసి ఇది పెట్టింది, స్విచ్చి వేసింది, ఫ్యాన్లు తిరిగాయి గాని తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. మా అబ్బాయి సోఫాలోంచి లేవకుండానే వెనక్కి పంపించెయ్యమని తీర్పు చెప్పేసి మళ్ళీ క్రికెట్‌లో పడ్డాడు. నేను దగ్గరికి వెళ్ళి చూద్దును కదా, చాప మీద వేలెడు పొడవు రేకుపట్టీ ఒకటి పడి ఉంది.

కంప్యూటరు లోపల కార్డు దిగే చోటును స్లాటు అంటారు. ఏ కార్డూ లేని స్లాటుకు డబ్బా వెనకవైపు సన్నటి కన్నం ఉంటుంది, ఆ కన్నాన్ని మూసి ఉంచేదే ఈ పట్టీ. నా ఈడువాళ్ళలో కంప్యూటర్ల వెనక్కి తొంగిచూసినవారుంటే వెంటనే గుర్తుపడతారు, మిగతావాళ్ళకు అది ఉత్త రేకుముక్క. నాకు మాత్రం దాన్ని చూస్తే ఇప్పటికీ ఎండురొయ్యల వాసన వస్తుంది.

ద్వారకా నగర్‌లో బస్సు కాంప్లెక్సుకు నాలుగడుగుల దూరంలో, ఒక మేడ మీది గదిలో ఉండేది మా సర్వీసు షాపు. నేను సబ్బవరం నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. మా నాన్న టైపు నేర్చుకోమని పంపిస్తే, ఆ పక్క గదిలోనే చెప్పే హార్డ్‌వేర్ కోర్సులో చేరిపోయి, మూడు నెలలు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చిన ఘనురాలిని. షాపులో మా సారు మంచివారే, కానీ ఆడపిల్ల కౌంటర్లో కూర్చుని ఫోన్లు ఎత్తితే షాపుకు అందమనీ, స్క్రూడ్రైవరు పట్టుకుని ఊరంతా తిరిగితే కాదనీ ఆయనకు గట్టి నమ్మకం. ఏడాదిపాటు ఫోన్లు ఎత్తాను. సీనియర్లిద్దరూ భోజనానికి వెళ్ళినప్పుడు చెడిపోయిన కార్డులు ముందేసుకుని, పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, నా అంతట నేనే నేర్చుకున్నాను.

అప్పుడు కార్డు పెట్టడమంటే ఇప్పటిలా నొక్కి వదిలెయ్యడం కాదు. ప్రతి కార్డుకూ ఒక నంబరు కుదర్చాలి, దానికి జంపర్లనే గోరంత ప్లాస్టిక్ టోపీలను సూదుల మీద అటూ ఇటూ మార్చాలి. ఒకే వీధిలో రెండిళ్ళకు ఒకే డోరు నంబరు ఉంటే పోస్టుమాన్ తికమకపడ్డట్టు, మోడెమ్‌కీ మౌసుకీ ఒకే నంబరు పడిందంటే మౌసు కదిపినప్పుడల్లా ఫోను లైను తెగిపోయేది. కార్డు అంచున బంగారు రంగు గీతలు మాసిపోతే పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో రుద్దేవాళ్ళం. సగం జబ్బులు దానితోనే నయమయ్యేవంటే ఈ కాలం పిల్లలు నమ్మరు.

ఒకరోజు సీనియర్లిద్దరూ స్టీల్‌ప్లాంటు వైపు పనిమీద పోయినప్పుడు, ఫిషింగ్ హార్బర్ దగ్గర నాలుగు బోట్లున్న ఆసామి ఒకాయన ఫోను చేశాడు. ఏ రోజు ఎంత రొయ్య దిగిందో సాయంత్రంలోగా ఎగుమతి కంపెనీలకు ఫ్యాక్సు వెళ్ళాలట, దానికి కంప్యూటరును ఫోను లైనుతో కలిపే మోడెమ్ కార్డు పెట్టాలట. సారు గదిలో అటూ ఇటూ రెండుసార్లు నడిచి, వేరే దారి లేక నన్ను పంపారు. ఇది సరిగ్గా చేస్తే ఇకముందు కూడా బయటి పనులు ఇస్తాననీ, లేదంటే మళ్ళీ కౌంటరేననీ మెట్ల దగ్గర ముందే చెప్పారు. ఆ మాట నా చెవిలో ఎంత గట్టిగా పడిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆ ఆఫీసు చిన్న రేకుల షెడ్డు. ఆసామి గుమ్మానికి ఎదురుగా కూర్చుంటాడు కాబట్టి కంప్యూటరు డబ్బా వీపు గుమ్మంవైపు ఉంటుంది. మొదట ఒక స్లాటు దగ్గరి పట్టీని విరిచి తీశాను, కార్డు దిగబోతే లోపలి వైర్లు అడ్డొచ్చాయి, పక్క స్లాటు పట్టీ కూడా తీసి అందులో దించాను. మోడెమ్ ఆ పాత కీచుగొంతుతో అరిచి, ఫ్యాక్సు వెళ్ళింది. ఆసామి తల్లి, పడవల లెక్కా మనుషుల మంచీచెడ్డా అన్నీ తన కొంగున కట్టుకున్న పెద్దావిడ, గుమ్మంలో నిలబడి ఆ అరుపు విని పొంగిపోయింది. నేనూ పొంగిపోయాను. మొదటి స్లాటు కన్నం తెరుచుకునే ఉంది, విరిచిన పట్టీ తిరిగి అతకదు, షాపు నుంచి స్క్రూతో బిగించే పట్టీ ఒకటి తెచ్చి మూద్దాంలే అనుకున్నాను. షాపుకు రాగానే ఒకటి సంచీలో వేసుకున్నాను గాని, ఆ సంతోషంలో బిగించే సంగతి మనసులోంచి జారిపోయింది.

శనివారం పొద్దున్నే ఫోను వచ్చింది, మోడెమ్ పలకడం లేదని. వెళ్ళి కార్డు తీసి చూస్తే అంచు మాసి ఉంది. హార్బర్‌లో ఏది చెడినా మా షాపులో ఒకటే మాట, ఉప్పుగాలి. నేనూ అదే అనుకుని షాపులోని నల్లబడిన రబ్బరుతో రుద్ది పెట్టాను, పలికింది. మళ్ళీ శనివారం మళ్ళీ ఫోను. ఈసారి జంపర్లు మార్చాను, మౌసు నంబరు మార్చాను, రాసుకున్న పుస్తకమంతా తిరగేశాను, చివరికి మళ్ళీ రబ్బరే పనిచేసింది. సారు ఏమీ అరవలేదు, ఇంకోసారి ఫోను వస్తే సీనియరు వెళ్తాడు, నువ్వు కౌంటరు చూసుకో అమ్మాయ్ అని మాత్రం అన్నారు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది.

మూడో శనివారం ఫోను ఎత్తింది నేనే. సారు ఇంకా రాలేదు. ఎవరితోనూ చెప్పకుండా సంచీ తీసుకుని, దారిలో కొత్త తెల్లరబ్బరు కొనుక్కుని బస్సెక్కాను. షెడ్డులో కార్డు తీసి రెండు రుద్దులు రుద్దేసరికి నా చెయ్యి ఆగిపోయింది. ఉప్పుగాలికి మాసితే రబ్బరు నల్లబడాలి. ఇది పచ్చబడింది. వాసన చూశాను. పసుపు.

పెద్దావిడను అడిగితే ఆవిడ దాచిందేమీ లేదు. "నానే సల్లినాను పాపా. బోటుకి సల్లమా ఏటి? శుక్కురారం పూట పసుపునీళ్ళు ముందో సుక్క, ఎనకో సుక్క. దీని మీదేగా మా యాపారమంతా నడుత్తంది, దీనికి దిష్టి తగల్దా మరి?" అంది, వేపరెమ్మ ఉన్న చెంబు చూపిస్తూ. ఆసామి తల పట్టుకుని, "ఓలమ్మా, కొంప ముంచేసినావు కదే!" అని తల్లి మీద లేచాడు. పాపం, ఆవిడ మొహం ఒక్కసారిగా చిన్నబోయింది.

నిజం చెబుతాను, ఆ క్షణంలో నా గుండె తేలికపడింది. తప్పు దొరికింది, అది నాది కాదు, ఈ మాట సారుకు చెబితే చాలు, నా స్క్రూడ్రైవరు నా దగ్గరే ఉంటుంది. అంతలో డబ్బా వెనక ఆ తెరిచిన కన్నం కనిపించింది. వెనక చల్లిన చుక్క లోపలికి దిగింది దానిలోంచే. అది మూసి ఉంటే ఆవిడ ప్రతి శుక్రవారం చెంబుడు నీళ్ళు చల్లుకున్నా రేకు మీంచి జారిపోయేవేమో. చేతిలోని కార్డు బల్ల మీద పెట్టేశాను. అన్నగారూ, మీ అమ్మగారిని ఏమీ అనకండి, ఈ కన్నం మూయాల్సింది నేను, మూడు వారాలుగా మరిచిపోయాను అని చెప్పేశాను. సంచీలో అట్టడుగున పట్టీ ఉండనే ఉంది, తెచ్చీ బిగించని పట్టీ. అప్పుడు బిగించాను. పెద్దావిడతో, మామ్మా, దీనికి నీళ్ళు పడవు, ముందువైపు బొట్టు పెట్టండి చాలు, దిష్టి అక్కడే ఆగిపోతుంది అన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి కుంకుమ భరిణ తెచ్చి, డబ్బాకు ఒక బొట్టు పెట్టి, నా నుదుట ఒకటి పెట్టింది.

షాపుకు వచ్చి సారుకు జరిగింది జరిగినట్టు చెప్పి, ఆయన అనకముందే వెళ్ళి కౌంటరు వెనక కూర్చున్నాను. ఏడుపు ఆపుకోవడానికి రసీదు పుస్తకం కాగితాలు ఊరికే తిప్పుతూ ఉండగా ఫోను మోగింది. అవతల పెద్దావిడే. "మీ సారుకియ్యి పాపా" అంది. సారు చెవి దగ్గర పెట్టుకున్నా ఆ గొంతు గది అవతలకి కూడా వినిపించింది. "బాబూ, మా డబ్బాకి ఏటొచ్చినా ఆ పిల్లనే పంపు. మగోళ్ళొద్దు. తన తప్పు తానే సెప్పుకునే మనిసి సేతిలోనే మా పని ఉండాల" అంది. సారు ఫోను పెట్టేసి, సోమవారం నుంచి హార్బర్ వైపు పనులన్నీ నువ్వే చూడు అన్నారు, అంతే. తరవాత వెళ్ళినప్పుడు ఆవిడ ఎండురొయ్యలు కాగితంలో చుట్టి సంచీలో కుక్కేసింది. సబ్బవరం బస్సులో నా పక్క సీటు ఆ రోజు చివరిదాకా ఖాళీగానే ఉంది.

ఇరవై రెండేళ్ళు ఆ పనే చేశాను. ఏ డబ్బా మూసేముందైనా వెనక్కి తిరిగి కన్నాలు చూసుకోవడం అప్పటి నుంచి అలవాటయింది. మా షాపున్న మేడలో ఇప్పుడు కోచింగ్ సెంటరు నడుస్తోంది, మోడెమ్ అరుపు పిల్లలకు ఫోనులో వినిపిస్తే నవ్వుతున్నారు. ఇప్పటి వస్తువుల్లో చాలావాటిని విప్పడానికే లేదు, చెడితే కొత్తది కొనడమే. బొట్టు పెట్టుకునేంత కాలం ఏ వస్తువూ మన దగ్గర నిలవడం లేదనిపిస్తుంది ఒక్కోసారి.

ఇంతకీ మా కోడలి కార్డు సంగతి. అది పూర్తిగా దిగలేదు, చివరి గొళ్ళెం పడలేదు, పైగా కార్డుకు విడిగా ఇవ్వాల్సిన కరెంటు తీగ పెట్టనేలేదు. ఒత్తమన్నాను, టక్కుమంది. తీగ పెట్టమన్నాను. తెర వెలిగింది, పిల్ల కేక వేసింది, మా అబ్బాయి క్రికెట్ వదిలి వచ్చాడు. కార్డు కోసం తను ఒక పట్టీ ఎక్కువే విప్పినట్టుంది, పక్క స్లాటు కన్నం తెరిచే ఉంది. తను మూత పెట్టబోతుంటే చాప మీది పట్టీ చేతికిచ్చి, ఈ కన్నం మూయవా, నీళ్ళు గాని పడితే అన్నాను. "ఏం పోతుంది అత్తయ్యా, ఇక్కడ నీళ్ళు ఎవరు పోస్తారు?" అంది. అప్పుడు చెప్పాను ఈ కథంతా. విరగబడి నవ్వింది గాని, నవ్వుతూనే స్క్రూ వెతికింది.

మర్నాడు పొద్దున్న కాఫీ గ్లాసుతో అటువైపు వెళ్తే, ఆ నల్లటి డబ్బా ముందువైపు చిన్న కుంకుమ బొట్టు కనిపించింది. అలవాటు కొద్దీ వంగి వెనక్కి కూడా చూశాను. పట్టీ బిగించే ఉంది.