మాస్టారి పేర ఇచ్చిన ప్రార్థన మనవి

బైబిలు పాఠశాలలో రెండేళ్లు చదివి ఊరికి తిరిగొచ్చేటప్పటికి నా సంచిలో ఒక నోటుబుక్కు ఉంది. క్రైస్తవ విశ్వాసం మీద జనం సాధారణంగా చెప్పే నలభై అభ్యంతరాలు, వాటికి నలభై జవాబులు. ఎవరు ఏమడిగినా తడుముకోకూడదని అక్కడ మాకు నేర్పారు. సాత్వికంగా, ఎదుటివాణ్ణి గౌరవిస్తూ చెప్పాలని కూడా నేర్పారు గాని, అది ఒక్క పూట పాఠం. మిగతా రెండేళ్లూ జవాబులే.

డెబ్భైల చివర్లో సంగతి. మాది రాజోలు దగ్గర కాలువ ఒడ్డున ఉన్న ఊరు. కాలువకి ఇవతల మా పేట, మా మందిరం. అవతల అగ్రహారం. సంఘంలో పాస్టరు అయ్యగారికి సాయంగా ఆదివారం బడి, శుక్రవారం ఉపవాస కూడిక నేను చూసుకునేవాణ్ణి. మిగతా రోజుల్లో ట్యూషన్లు.

అగ్రహారంలో మా తెలుగు మాస్టారు ఉండేవారు. హైస్కూల్లో మూడేళ్లు నాకు పాఠం చెప్పి రిటైరయ్యారు. వాళ్ల నాన్నగారు వేదం చెప్పిన మనిషి. మాస్టారి భార్య పోయి అప్పటికి మూడేళ్లు. కూతురూ అల్లుడూ ఆయనతోనే ఉండేవారు. అల్లుడు రోజూ బస్సెక్కి అమలాపురం ఆఫీసుకి వెళ్లొచ్చేవాడు.

ఒకరోజు వంతెన మీద నా సైకిలు ఆపించారు.

"ఏరా, పాదిరీవి అయిపోయేవటగా?"

"ఇంకా కాలేదండి మాస్టారూ."

"అయితే మరీ మంచిది. అయిపోయేక నిన్ను అడ్డదిడ్డంగా ప్రశ్నలు వేసే స్వతంత్రం నాకుండదు. సాయంత్రం ఓసారి రా."

వెళ్లాను. అరుగు కింద మెట్టు మీద కూర్చోబోతే కసిరారు. "స్కూల్లో బెంచీ మీద కూర్చున్నవాడివి, ఇక్కడ మెట్టు మీదేవిట్రా? పైకి రా." ఎదురింటి పెద్దాయన అది చూసి మొహం అటు తిప్పుకున్నాడు. ఆ రోజుల్లో మా పేట మనిషి ఆ అరుగు ఎక్కడం చిన్న విషయం కాదు. మాస్టారు మాత్రం అదేమీ పెద్ద ఘనకార్యంలా చెయ్యలేదు. పక్కకి జరిగి చోటిచ్చారు, అంతే.

అప్పట్నుంచి ప్రతి బుధవారం సాయంత్రం వెళ్లేవాణ్ణి. నా దగ్గర తీసుకున్న బైబిల్ని ఆయన నాకంటే శ్రద్ధగా చదివేవారు. చదివి వెక్కిరించేవారు.

"మీ దేవుడు ఆరు రోజులు పనిచేసి ఏడో రోజు కూర్చున్నాడురా. మా హెడ్మాస్టరు ఒకరోజు పనిచేసి ఆరు రోజులు కూర్చునేవాడు. ఏ మాటకామాట, మీ దేవుడే నయం."

నేను నవ్వి, ఆ విశ్రాంతికి అర్థమేమిటో చెప్పబోయేవాణ్ణి. ఆయన చెయ్యి అడ్డం పెట్టేవారు. "ఉండరా, నవ్వినంతసేపు నవ్వు."

ఒక బుధవారం నవ్వకుండా అడిగారు. "మీ ప్రభువు దగ్గర ఎక్కువ తక్కువలు లేవంటావు. మరి మీలో మీకే కులాల ఎడం ఉందటగా? పక్క ఊళ్లో ఒకే దేవుడికి రెండు మందిరాలు కట్టుకున్నారటగా, ఒకళ్ల పక్కన ఒకళ్లు కూర్చోలేక?"

అది నా నోటుబుక్కులో ఉన్న ప్రశ్నే. ఆయన ఇంకా మాట్లాడుతుండగానే నేను జవాబు ఎత్తుకున్నాను. మనుషుల లోపాన్ని బట్టి ప్రభువుని కొలవకూడదని మొదలుపెట్టి ఏదో చెప్పుకుపోతున్నాను. మాస్టారు నా మొహంకేసి చూస్తూ కూర్చుని, నేను ఆగాక అన్నారు.

"జవాబు గుప్పిట్లో పట్టుకుని వింటున్నావురా నువ్వు. గుప్పిట విప్పి విను."

నాకు సిగ్గేసింది. "నిజమేనండి. ఆ ఎడం ఉందండి. మా నాన్నా ఆ ఎడం పాటించాడండి. తప్పేనండి" అన్నాను.

"ఆఁ. ఇదిగో, ఇప్పుడు చెప్పేవు" అన్నారాయన.

ఆ తరవాత నోటుబుక్కు తీసుకెళ్లలేదు. ఏడాదిపైగా అలా సాగింది. ఆయన అడిగేవారు. తెలిసింది చెప్పేవాణ్ణి, తెలియంది తెలియదనేవాణ్ణి. నా జీవితంలో సువార్తను నేను సరిగ్గా చెప్పిన కాలం ఏదైనా ఉందంటే అదే. ఆయన రక్షణ కోసం నేను తెల్లవారుజామున మోకరించి ఏడ్చేవాణ్ణి. ఆయన తెలివైనవారని కాదు. నాకాయనంటే ప్రేమ.

కార్తీక మాసంలో ఒక బుధవారం, కూతురు గుడికి వెళ్లి ఇంట్లో లేనప్పుడు, ఆయన వెక్కిరింపులేమీ లేకుండా మొదలుపెట్టారు.

"మీ అమ్మగారు నీకు గుర్తుందిగా?"

ఆయన భార్యను మేం పిల్లలందరం అమ్మగారనే పిలిచేవాళ్లం. "గుర్తుందండి. దిద్దిన కాగితాలు తెచ్చుకోడానికొస్తే జంతికలు పెట్టేవారండి."

"నలభై ఏళ్లు పూజ తప్పలేదురా ఆవిడకి. కడుపులో పుండు లేచింది, నీకు తెలుసుగా. ఆ చివరి నెల నొప్పికి ఓర్చుకోలేక దేవుళ్లందర్నీ పేరు పేరునా తిట్టింది. అలాంటి మాటలు ఆవిడకి తెలుసునని కూడా నాకు తెలీదు. వీధిలోకి వినపడతాయని..." ఆగిపోయారు. తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నారు. "నోరు మూసేనురా. ఈ చేత్తో. ఒకసారి కాదు."

ఆయన నావైపు తిరిగారు.

"మీ ప్రభువు సంగతి ఆవిడ వినలేదు. తను విన్న దేవుళ్లని తిట్టి పోయింది. మీ నమ్మకం ప్రకారం ఆవిడ ఇప్పుడెక్కడుందిరా?"

సువార్త వినకుండా చనిపోయినవాళ్ల గురించి నాకు ఒక జవాబు నేర్పారు. అది నోటిదాకా వచ్చింది. దేవుడి దయవల్ల ఆ ఒక్కరోజు దాన్ని మింగాను.

"నాకు తెలీదండి మాస్టారూ. లోకానికంతటికీ తీర్పు తీర్చేవాడు అన్యాయం చెయ్యడని మాత్రం నమ్ముతానండి. నొప్పిలో ఉన్న మనుషులు దేవుడి మీద అరిచిన అరుపులు మా గ్రంథం నిండా ఉన్నాయండి. ఆయన వాటిని చెరిపెయ్యలేదు. మా ప్రభువు కూడా సిలువ మీద, ఎందుకు నన్ను వదిలేశావని కేక పెట్టేరండి."

మాస్టారు కండువాతో కళ్లు తుడుచుకున్నారు.

"ఇది ఎవరితోనూ అన్లేదురా. అమ్మాయికి కూడా తెలీదు. ఆ కేక ఎక్కడుందో చెప్పు, చదివి పెడతాను. వచ్చే బుధవారం దాని గురించి అడగాలి నిన్ను."

ఆ సాయంత్రం వంతెన దాటుతూ సైకిలు తొక్కలేక నడిపించుకుంటూ వచ్చాను. ఆయన విశ్వాసపు గడప దాకా వచ్చేశారని నాకు తెలిసిపోయింది.

శుక్రవారం ఉపవాస కూడిక. మా సంఘంలో ఒక పద్ధతి ఉండేది. మధ్యాహ్నం ప్రార్థన మనవులు చెప్పుకునేటప్పుడు ఫలానా వాళ్లని పేరు పెట్టి చెప్పాలి, వాళ్ల బాధేమిటో విప్పి చెప్పాలి. ఒక ఆత్మ కోసం ప్రార్థించండి అని ఊరికే అంటే ఎవరికీ భారం కలగదు. కొడుకు సారా కొట్టు దగ్గర పడిపోయాడని తల్లి చెబుతుంది, అల్లుడు కొట్టాడని అత్త చెబుతుంది. చెప్పినవాళ్లతో కలిసి అందరూ ఏడుస్తారు. మేం దాన్ని గుట్టు బయటపెట్టడం అనుకోలేదు. ఒకరి భారం ఒకరు మొయ్యడం అనుకున్నాం. నాకు పుట్టినప్పట్నుంచీ అదే అలవాటు.

నా వంతు వచ్చింది. మాస్టారి పేరు చెప్పాను. అగ్రహారం మాస్టారు అనగానే, స్తోత్రం, స్తోత్రం అన్నారందరూ. ఆ మాట నన్ను ఇంకా ముందుకి తోసింది. ఇప్పుడు దాచుకోవడం దేనికి, ఆ మాట వినడం నాకు బావుంది. అమ్మగారి జబ్బు చెప్పాను. ఆవిడ తిట్లు చెప్పాను. ఆయన చెయ్యి సంగతి చెప్పాను. మందిరమంతా గొల్లుమంది. గంటసేపు ఆయన కోసం ఏడ్చి ప్రార్థించారు. అంత భారంతో సాగిన కూడిక నేను అంతకుముందు చూడలేదు. పరిశుద్ధాత్మ కదిలాడని ఇంటికెళ్లి మా అమ్మతో చెప్పాను.

మా సంఘంలో ఒకావిడ గంపలో ఆకుకూరలు పెట్టుకుని అగ్రహారంలో అమ్మేది. నాకంటే పదేళ్లు పెద్ద. నిష్కపటమైన మనిషి. ఆదివారం ఆరాధన అయ్యాక మొహం వెలిగిపోతూ నా దగ్గరికొచ్చింది.

"తమ్ముడూ, నిన్న మాస్టారు గారికి ధైర్యం చెప్పేనయ్యా."

"ఏం చెప్పేవక్కా?"

"ఏముంది, తోటకూర కట్టలు అరుగు మీద పెట్టి, అయ్యా, అమ్మగారి నోరు మూసేనని బెంగెట్టుకోకండి, మా యేసయ్య క్షమించేత్తాడండి, మా పేటంతా మీకోసం ఏడ్చి ప్రార్థన చేసేం అన్నాను."

గబుక్కున అడిగాను. "అక్కడెవరున్నారు?"

"వాళ్లమ్మాయి గారున్నారు. ఎదురింటాయన పేపరు చదూతున్నాడు. ఇంకో ఇద్దరెవరో."

"మాస్టారేమన్నారు?"

"ఏమీ అన్లేదయ్యా. కట్టలక్కడే వదిలేసి లోపలికెళ్లిపోయేరు. మనసు కరిగిపోయిందనుకున్నాను. కాదంటావా?"

ఆవిణ్ణి ఏమనను? నేను ఏడ్పిస్తే ఏడ్చింది, నేను చెప్పిందే ప్రేమతో మోసుకెళ్లి ఇచ్చింది.

బుధవారం వెళ్లాను. మాస్టారు అరుగు మీదే ఉన్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు.

"రండి. కూర్చోండి."

అన్నేళ్లూ ఏరా అన్న మనిషి. ఆ రెండు మాటలకి నేను అరుగు ఎక్కలేకపోయాను. ఆయనే మళ్లీ అన్నారు, "నిలబడ్డారేం, కూర్చోండి." కూర్చున్నాను. వానల గురించి మాట్లాడారు. కొబ్బరి దింపు ఆలస్యమైందన్నారు. వాళ్లమ్మాయి కాఫీ గడప దగ్గర పెట్టి, తండ్రివైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

ఎదురింటాయన తన అరుగు మీంచి కేకేశాడు. "మాస్టారూ! బాప్తిస్మం కాలవలోనా అండి, గోదాట్లోనా?"

పక్కవాళ్లు నవ్వారు.

"నీళ్లెక్కడ ఎక్కువుంటే అక్కడండి" అన్నారు మాస్టారు, గొంతు కూడా మారకుండా.

ఆయన నన్ను తిడితే బావుండేది. అరుగు దిగిపొమ్మంటే ఆయన కాళ్ల మీద పడే వీలుండేది. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. వాళ్లందరి ముందూ ఆ సంగతి మళ్లీ ఎత్తాలి. ఎత్తలేకపోయాను. "ఆ అధ్యాయం చదివేరాండి?" అన్నాను, దద్దమ్మలా.

"చదివేనండి. బావుంది."

అంతే. ఇంకేమీ అడగలేదు. మళ్లీ బుధవారమూ అడగలేదు. ఆ పై బుధవారమూ అంతే. మర్యాదకి లోటు లేదు. కాఫీ వచ్చేది, దింపు మాటలొచ్చేవి, మా అమ్మ ఆరోగ్యం కనుక్కునేవారు. ఒక్క ప్రశ్న, ఒక్క వెక్కిరింపు ఆ నోట్లోంచి రాలేదు. కొన్ని నెలలకి నేను వెళ్లడం తగ్గించాను. ఆయన ఎందుకు రావడం లేదనలేదు.

మనవులు అలా విప్పి చెప్పడం మానేద్దామని అయ్యగారితో ఒకసారి అన్నాను. ఆయన ఆశ్చర్యపోయారు. "బాధ చెప్పుకోకపోతే ఇంక సంఘం దేనికయ్యా?" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. చెప్పుకోవాల్సింది ఎవరి బాధ వాళ్లు. నేను చెప్పింది నాది కాదు. ఆ తేడా ఆయనకి వివరించే ఓపిక కూడా నాలో లేకపోయింది.

ఎనభైలు వచ్చాక మాస్టారు మంచాన పడ్డారు. కబురు తెలిసి వెళ్లాను. గదిలో ఇద్దరమే ఉన్నాం. మనిషి పక్కబట్టకి అంటుకుపోయి ఉన్నారు. మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. ఈసారి పైకి రమ్మనలేదు.

"మాస్టారూ, మీరు నన్ను నమ్మి చెప్పింది నేను పదిమందిలో పెట్టేనండి. ప్రార్థన అనుకున్నానండి. క్షమించండి."

కళ్లు మూసుకున్నారు. వినలేదేమో అనుకున్నాను.

"క్షమించడం ఎప్పుడో అయిపోయిందండి. ఏం, క్షమించడం మీకే వచ్చనుకున్నారా?" పాత నవ్వు పెదవి చివర కాస్త కదిలింది. కదిలి పోయింది. "అడగాలనిపించడమే పోయింది."

"ఇప్పుడడగండి మాస్టారూ. ఏదైనా అడగండి."

తల అడ్డంగా ఊపారు. "ఎండ ఎక్కకముందే వెళ్లిపొండి. ఇంటి దగ్గర మీ అమ్మగారు ఎదురుచూస్తారు."

అడిగేవాడికి ఇవ్వబడుతుందని నేను ఎన్ని మందిరాల్లో ప్రసంగించానో. అడుగుతున్న మనిషిని అడగకుండా చేసినవాడికి ఏమి ఇవ్వబడుతుందో నాకెవరూ ప్రసంగించలేదు. నా విశ్వాసం పోయిందని అనుకోకండి. ప్రభువు మీద నాకు ఒక్క అనుమానం లేదు. ఆ అనుమానం లేకపోవడమే నన్ను కోస్తోంది. తానే ద్వారమన్న ప్రభువు నిజంగా ద్వారమే అయితే, ఆ ద్వారం ముందు నిలబడి, లోపలికి అడుగు పెట్టబోతున్న ముసలాయన్ని వీధి నవ్వుల్లోకి నెట్టింది నేనే. పరిహాసకుడు కాదు, నాస్తికుడు కాదు. మోకాళ్ల మీద ఉన్న నేను. ఇప్పటికీ మాస్టారి కోసం ప్రార్థిద్దామని మోకరిస్తాను. ఆయన పేరు దగ్గరికి వచ్చేసరికి నోరు రాదు. పోయినవారి కోసం ప్రార్థించడం మాకు నేర్పలేదు. నేర్పి ఉన్నా నాకా హక్కు లేదు.

నేను చూసొచ్చిన నాలుగో రోజున మాస్టారు పోయారు. పదకొండు రోజులూ గడిచాక వెళ్లి వీధిలోనే నిలబడ్డాను. వాళ్లమ్మాయి బయటికొచ్చింది.

"చివర్లో నాన్నగారు ఏమైనా అడిగేరాండి?" అన్నాను.

ఆవిడ కాసేపు ఆలోచించింది. నా మీద కోపం కూడా లేదు ఆ మొహంలో.

"మంచినీళ్లడిగేరండి" అంది.