పెట్రోలు మూత మీద పసుపు

బావ హ్యాండిల్ తిప్పి వేగం పెంచగానే పడవ ముందుభాగం పైకి లేచి, ఎవరో వెనక్కి గుంజినట్టు మళ్ళీ కిందికి పడింది. ఇంజను దగ్గింది. పుంజుకుంది, మళ్ళీ దగ్గింది. ఒళ్ళో ఉన్న నాలుగేళ్ళ కొడుకు అదేదో ఆట అనుకుని నవ్వాడు. ఒడ్డు అప్పటికే దూరమైంది.

బావ, అంటే మా ఆయన అన్న, పోచంపాడ్ డ్యామ్ నీళ్ళ పక్కనున్న ఊళ్ళో పసుపు పండిస్తాడు. ఈ ఏడు ఎవరో వాడి వదిలేసిన చిన్న మోటారు పడవ కొన్నాడు, సరదాకి. దసరాకు మేం బోధన్ నుంచి వెళ్ళినప్పుడు ట్రాక్టరుతో పాటు దానికీ ఆయుధపూజ చేశాం. మర్నాడు మధ్యాహ్నం, పిల్లల్ని నీళ్ళ మీద తిప్పుకొస్తానని అందరినీ ఎక్కించాడు. లైఫ్ జాకెట్లు రెండే ఉన్నాయి. మెత్తగా ఉంటాయని వాటిని బల్ల మీద పరిచాడు. నేను పోయి వాటి మీదే కూర్చున్నాను. ఇప్పుడు పిల్లలు పడుకున్నాక ఇది రాస్తుంటే, ముందు నా మీదే నాకు ఒళ్ళు మండుతోంది.

మా ఇళ్ళలో బావకు ఎదురు మాట్లాడం. ఏదైనా చెప్పాలంటే భర్తకు చెప్పి, ఆయనతో చెప్పిస్తాం. బావ నాకు రెండు మూరల దూరంలో ఉన్నాడు. అయినా నేను మా ఆయన చెవి దగ్గరికి వంగి, వెనక్కి తిప్పమని చెప్పమన్నాను. ఆయన నా భయానికి ఒక జోకు తగిలించి మరీ అన్నకు చేరవేశాడు. బావ పెద్దగా నవ్వాడు. పెట్రోల్లో నీళ్ళు కలిసినట్టున్నాయనీ, పొద్దున ఒక్కడే తీసుకెళ్ళినప్పుడు కూడా ఇట్లాగే ఆగితే ప్లగ్గు మార్చాననీ, కాసేపు ఊరుకుంటే అదే సర్దుకుంటుందనీ అన్నాడు.

పొద్దున కూడా ఆగిందట. అది తెలిసీ ఎక్కించాడు. మా ఆయనకు ఆ మాట వినబడనే లేదు, లేదా విని ఊరుకున్నాడు. రెండింటిలో ఏది నయమో నాకు ఇప్పటికీ తేలలేదు.

అంతలో ఇంజను పూర్తిగా ఆగింది. గాలి మమ్మల్ని నీళ్ళ నడుమకు నెడుతోంది. బావ ఇంజను స్టార్టు చేసే తాడు గుంజుతూనే ఉన్నాడు. ఏడేళ్ళ నా కూతురు రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని కూర్చుంది.

ట్యాంకు నుంచి ఇంజనుకు పోయే పైపు మధ్యలో చేత్తో పిసికే రబ్బరు బుడ్డి ఒకటి ఉంది. బావ దాన్ని నొక్కి వదిలితే మళ్ళీ ఉబ్బలేదు, నొక్కుకుపోయే ఉంది. ప్లాస్టిక్ ట్యాంకు పక్కలు కూడా లోపలికి పోయి ఉన్నాయి. నా కొడుకు జ్యూస్ డబ్బాను స్ట్రాతో చివరిదాకా పీల్చినప్పుడు అది అచ్చం ఇట్లాగే అవుతుంది. ట్యాంకులోంచి ఇంజనుకు పెట్రోలు పోతోంది, ఆ ఖాళీలోకి గాలి రావడం లేదు. మెల్లగా పోయినంతసేపూ ఎట్లాగో సరిపోయింది. వేగం పెంచేసరికి ఇంజనుకు పెట్రోలు అందలేదు.

"బావా, ట్యాంకు మూత తియ్యిండ్రి."

ఆయన నావైపు చూడలేదు. తమ్ముడి వైపు చూశాడు.

"నీ పెండ్లాం మెకానిక్ ఎప్పుడైందిరా?"

కొడుకును మా ఆయన ఒళ్ళో పెట్టి, వంగి నేనే మూత తిప్పాను. సుయ్యిమని గాలి లోపలికి పోయింది. ట్యాంకు పక్కలు టప్పుమని బయటికొచ్చాయి. బావ రబ్బరు బుడ్డిని పిసికి, తాడు రెండుసార్లు గుంజితే ఇంజను అందుకుంది. మూత వదులుగానే ఉంచి, పెట్రోలు వాసన మధ్య మెల్లగా ఒడ్డుకు చేరాం.

ఒడ్డున బావ మూత తిప్పి చూశాడు. గాలి పోవడానికి దాని మీద సన్నని రంధ్రం ఉంది. అందులో పసుపు ముద్ద ఎండి గట్టిపడింది. పూజకు ఇంజనుకూ ట్యాంకుకూ పసుపు పూసి బొట్లు పెట్టింది నేనే.

బావకు ఇంకేం కావాలి. ఇంటికి పోగానే అందరికీ మూత చూపించాడు. "సూడుండ్రి, గీ పసువు పెట్టిందెవలు? ఈమెనే. మల్ల ఈమెనే బాగుచేసింది." అందరూ నవ్వారు. మా ఆయన కూడా.

"పెట్టింది నేనే బావా. గా తప్పు నాదే," అన్నాను. "పొద్దుగాల ఆగిపోయిన పడవల నా పిల్లల్ని ఎక్కిచ్చింది మాత్రం మీరు. తొడిగే జాకెట్లు కూసోనీకి ఏసింది మీరు."

ఎవరూ నవ్వలేదు. తోటికోడలు టీ పెడతానని లోపలికి పోయింది.

బోధన్‌కు తిరిగొస్తూ నిజామాబాద్ దాటాక, చెరకు చేల మధ్య రోడ్డు మీద మా ఆయన నోరు విప్పాడు. అన్న మనసు కష్టపెట్టుకున్నాడట, ఫోన్ చేసి తప్పయిందని చెప్పాలట. పసుపుకైతే తప్పయిందని చెప్తాను, పడవ గురించీ జాకెట్ల గురించీ అన్నదానికి చెప్పనన్నాను.

తెల్లారి తల దువ్వుతుంటే నా కూతురు అంది: "పడవల నాగ్గూడ భయమైంది మమ్మీ. నువ్వు గట్టిగ చెప్తలేవు గదా అని నేను గూడ చెప్పలే."

దువ్వెన పక్కన పెట్టి కొడుకును కూడా పిలిచాను. "భయమైతే బండి నడిపేటోళ్లకే చెప్పుండ్రి, ఆపమని. పెద్దబాపైనా, డాడీ అయినా, నేనైనా సరే. నవ్వితే నవ్వనియ్యిండ్రి. ఆపేదాంక అడుగుండ్రి."