తాయారు కిటికీ మూస్తుంది

మా గురునాథరావు ఎవరింటికెళ్ళినా మంచినీళ్ళు అందుకోకముందే అడిగే మాట ఒకటుంది: "ఈ కిటికీ ఎవులు తీత్తారండీ?" ఆస్పత్రిలో చుట్టాన్ని చూడబోయినా అంతే, పెళ్ళి భోజనానికి కూర్చున్నా అంతే. తన పెళ్ళిచూపుల్లో అమ్మాయి పేరు కూడా అడగలేదు, ఇదే అడిగాడు.

"తియ్యడం మా అమ్మండి. మూసేది నేను. ఎదురింటాయన చుట్ట పొగ వస్తాది," అంది ఈశ్వరి.

"ఎన్ని గంటలకి?"

"ఆరింటికి. ఆదివారం అయిదున్నరకే."

తన ఊరు సబ్బవరం తిరిగెళ్ళి, "ఈ పిల్లనే చేసుకుంటాను" అని ఇంట్లో చెప్పేశాడు.

మాది సీతమ్మధారలో చిన్న ఆఫీసు. కట్టబోయే భవనం లోపల ఎంత వేడెక్కుతుందో, ఎంత కరెంటు కాలుతుందో కంప్యూటర్లో ముందే లెక్కగట్టి చెబుతాం. అందులో గాలి లెక్క పెద్ద తద్దినం. గాలి ఎటు దూరి ఎటు పోతుందో గంటగంటకీ కట్టాలి, వారాలు పడుతుంది. చాలా భవనాలకి ఉజ్జాయింపుగా ఒక అంకె వేస్తే చాలు. దేనికి చాలుతుందో, దేనికి చాలదో తేల్చేది గురునాథరావు.

ఓసారి దొరబాబుగారని ఒక అద్దాల షోరూమ్ ఆసామి వచ్చాడు. "మీరిచ్చే కంప్యూటర్ బొమ్మలో గాలికి రంగురంగుల బాణాలుండాలండి. చూసినోళ్ళు అదిరిపోవాలి."

"మీ అద్దాలు తెరుచుకుంటాయాండీ?"

"ఎందుకు తెరుచుకుంటాయి? మొత్తం ఏసీ."

"అయితే గాలి లెక్క అక్కర్లేదండి."

"మరి బాణాలో?"

"పెయింటర్ని పిలవండి."

ఆ రోజు మా బాస్ శ్రీరామ్మూర్తిగారు బీపీ మాత్రలు రెండు వేసుకున్నారు.

తర్వాత జాలరిపేటలో చేపలు శుభ్రం చేసే ఆడవాళ్ళకి కొత్త షెడ్డు పని వచ్చింది. ఏసీ లేదు. "పన్నెండు కిటికీలు, ఎదురుగా సముద్రం. ఎప్పుడూ తెరిచే ఉంటాయని ఒక అంకె వేసెయ్. శుక్రవారానికి ఇవ్వకపోతే పని వేరేవాళ్ళకి పోతుంది," అన్నారు బాస్.

"ఎవులు తెరుత్తారు సార్?"

"ఆడవాళ్ళు."

"ఏ ఆడవాళ్ళు?"

బాస్ మాత్రల కోసం సొరుగు లాగారు. గురునాథరావు సెలవు చీటీ రాసి, నన్ను కూడా లాక్కుని, ఆ ఆడవాళ్ళ పాత షెడ్డులో ఓ మూల స్టూలేసుకుని కూర్చున్నాడు. మూడు రోజులు. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి సముద్రపు గాలి జోరందుకోగానే తాయారు అనే ఆమె లేచి టపటపా కిటికీలన్నీ మూసేసేది, మళ్ళీ నాలుగింటికే తెరిచేది.

"ఏటి తాయారమ్మా, ఇంత ఉక్కలో మూసేత్తన్నావ్?"

"ఇసక కొడతాది బాబూ. ఇసక పడ్డ సేపలు ఎవులు కొంటారు? మేం ఉడికినా పర్నేదు, సేపలు పాడవకూడదు. మొన్నేసవికి నూకాలు ఇక్కడే పడిపోనాది."

నూకాలు పక్కనే పీత డెక్కలు విరుస్తూ, "లేసేనులే!" అంది గర్వంగా.

గురునాథరావు ఆ రాత్రే గాలి లెక్క మొదలెట్టాడు. కిటికీలు ఒంటి గంట నుంచి నాలుగు దాకా మూసినట్టు పెడితే, షెడ్డు రోడ్డు కంటే ఎక్కువ కాలిపోతోంది. శుక్రవారం దాటింది. ఆ పైశుక్రవారం కూడా దాటింది. పని పోకుండా బాస్ ఎన్ని ఫోన్లు చేశారో ఆయనకే తెలుసు. చివరికి రిపోర్టు చూసి కుర్చీలోంచి లేచారు.

"'ఒంటిగంటకు తాయారు కిటికీ మూస్తుంది. కారణం ఇసుక.' ఏంటయ్యా ఇది? వినియోగదారులు అని రాయాలి!"

"వినియోగదారులు మూయట్నేదు సార్. తాయారు మూత్తంది."

సముద్రం వైపు కిటికీల ముందు ఇసుక రాలిపోయేలా అడ్డుగోడ, వెనకవైపు కప్పు కింద వేడిగాలి పోయేలా ఎత్తున వెంటిలేటర్లు పెట్టమని రాశాడు. కట్టేవాళ్ళు ఒప్పుకున్నారు.

ఆ రిపోర్టును బీరువాలో పెడుతూ పాత ఫైళ్ళు తిరగేశాను. పన్నెండేళ్ళలో అతను గాలి లెక్క కట్టినవి పదకొండే. బడి, హాస్టలు, ఆస్పత్రి వార్డు, రేకుల క్వార్టర్లు. ఒక్కదానికీ ఏసీ లేదు. ఇన్నాళ్ళూ తిక్క అనుకున్నాం. ఫైళ్ళు చూపించి అడిగాను.

"ఏసీ ఉన్నోళ్ళకి మన లెక్క తప్పినా మీట నొక్కుకుంటారు బావా," అన్నాడు తల దించుకుని. "ఈళ్ళకి కిటికీ ఒక్కటే గదా. మనం తప్పితే ఈళ్ళే ఉడకాల."

షెడ్డు లేచింది. ఈ వేసవిలో వేడి కొలవడానికి వెళ్ళాం. ఒంటిగంట అయింది, రెండయింది, కిటికీలు మూయడానికి తాయారు లేవలేదు. ముసలమ్మ అనే ఆమె మాత్రం కత్తిపీట పక్కన పెట్టి నిలదీసింది. "కాయితంలో తాయారు పేరు రాసేవంట? నా పేరు రాయనేదేటి? నానిక్కడ పన్సెయ్యట్నేదా?"

అంతే, అందరూ మూగేశారు. అతను స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నాడు. చివరి రిపోర్టు నాలుగో పేజీ నిండా ముప్ఫై నాలుగు పేర్లు.

శ్రీరామ్మూర్తిగారు కళ్ళద్దాలు పైకి తోసుకుని అన్నీ చదివారు. "ముసలమ్మ పేరు రెండుసార్లు పడింది. కొట్టెయ్."

"ఇద్దరున్నారు సార్. గోడ వైపు కూకునే ముసలమ్మకి ఉక్క పడదు. తలుపు కాడి ముసలమ్మకి సలిగాలి పడదు."

బాస్ కలం మూత తీసి సంతకం పెట్టేశారు.