బాపు తూటాలు నింపిన చివరి ఆదివారం

మా చిన్నప్పుడు నాన్న, మా బాపు, తూటాలు నింపే ఆదివారం వచ్చిందంటే ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు... అమ్మ తెల్లారకముందే వండేసి, పొయ్యిలో నీళ్లు చల్లి, బూడిదను చేత్తో తడిమి చూసుకునేది. దేవుడి దగ్గర దీపం కూడా బంద్. శాలిబండలో మా గల్లీ అంతటికీ ఈ సంగతి తెలుసు. మా గడప దాకా వచ్చినవాళ్లు బీడీ ఆర్పేసి గానీ లోపలికి అడుగుపెట్టేవాళ్లు కాదు.

మా కాక, అంటే బాపు తమ్ముడు నర్సింగ్, సైదాబాద్ అవతల ఒక ద్రాక్షతోటకు కాపలా ఉండేవాడు. అప్పుడు అటంతా తోటలే... కుందేళ్లు, పందికొక్కులు లేత తీగల మొదళ్లు కొరికేసేవి. కాక దగ్గర లైసెన్సున్న పాత సన్న నాళి తుపాకి ఉండేది. దానికి కొత్త తూటాలు దొరకడమే గగనం... అందుకే కాల్చేసిన ఇత్తడి గొట్టాలనే బాపు మళ్లీ నింపేవాడు. కార్ఖానాలో లేతు మిషన్ మీద పనిచేసే మనిషి కదా, చేతికి ఆ ఓపిక ఉండేది.

సామాను పెద్దగా ఏమీ లేదు. గొట్టం అడుగున నిప్పు రాజేసే టోపీ బిగించే చిన్న పనిముట్టు, తుపాకి మందు కొలిచే చెంచా, పాత కంబళి నుంచి గుండ్రంగా కత్తిరించిన బిళ్లలు, వాటిని లోపలికి నెట్టే కర్రపుల్ల, ఛర్రాల సంచి, అంటే సన్న సీసపు గుళ్లు... ఆ ఛర్రాల దగ్గరే అన్నదమ్ములకు ప్రతిసారీ లొల్లి. కాకకు పెద్దవి కావాలి.

"కుందేలును కొడ్తున్నవా, ఏనుగునా? సన్నయి మస్తు పడ్తయి, ఒక్కటన్న తాకుతది," అనేవాడు బాపు.

"నువ్వు ఇంట్ల కూసొని చెప్తవ్ అన్నా... ఆడ నిలబడేది నేను," అని కాక మూతి ముడుచుకునేవాడు. ఆఖరికి బాపు మాటే నెగ్గేది.

మందు డబ్బాలు రెండు. రెండూ ఒకేలాంటి బిస్కెట్ డబ్బాలు. బాపు కుడిపక్కన నాటుమందు... నల్లటిది, కాక తుపాకికి. ఎడమపక్కన విలాయతి మందు... బాపే తూటాలు నింపిచ్చే పై గల్లీ సాహెబ్ కొత్త తుపాకికి. దాని జోరు వేరు. కాక పాత తుపాకిలో అది పడిందంటే నాళి పగిలి మొహం మీదికే వస్తుందని బాపు మాకు పదేపదే చెప్పేవాడు.

ఆ ఆదివారం మబ్బు పట్టింది. పని సగంలో ఉండగా పక్కింటి చాచా కూతురి పెళ్లి రుఖా పట్టుకుని వచ్చాడు. శుభలేఖ తెచ్చిన మనిషిని వాకిట్లోంచే పంపిస్తామా... బాపు లేచి, చేతులు కడుక్కుని, రెండు చేతులా అందుకున్నాడు. చాప పరవాలని నానమ్మ సామానంతా తీసి గూట్లో పెట్టింది. పొయ్యి లేదు కాబట్టి అమ్మ హోటల్ నుంచి చాయ్ తెప్పించింది. చాచా తీరిగ్గా కూర్చుని వెళ్లాక, నానమ్మ డబ్బాలు తెచ్చి మళ్లీ బాపు పక్కన సర్దింది.

గదికి ఉన్నది ఒక్కటే కిటికీ. దీపం పెట్టే ప్రసక్తే లేదు. పైగా కాక గడప దగ్గర సైకిల్ పట్టుకుని ఒకటే తొందర... "అన్నా, జల్దీ కానీ, పొద్దు వాల్తుంది." బాపు చూడకుండానే కుడిపక్క డబ్బాలో చెంచా ముంచాడు. మిగిలినవన్నీ నింపి ఇచ్చేశాడు. కాక వెళ్లిపోయాడు.

పనయ్యాక బాపు చేతుల మీద చెంబుతో నీళ్లు పోయడం నా వంతు. నాటుమందు మసికి నీళ్లు ఎప్పుడూ నల్లగా కారేవి.

"బాపూ, నీళ్లు నల్లగైతలేవేంది?"

బాపు తన వేళ్లు చూసుకున్నాడు. వాసన చూశాడు. లోపలికి ఉరికి డబ్బా మూత తీశాడు... కుడిపక్కదాంట్లో విలాయతి మందు. అప్పటి ఆయన మొహం నాకింకా కళ్లముందే ఉంది. సైకిల్ తీశాడు. నేనెందుకో వెనక క్యారియర్ ఎక్కేశాను. దిగమనే తీరిక కూడా ఆయనకు లేదు.

యాకుత్‌పురా దగ్గర రైలు గేటు పడి ఉంది. బాపు సైకిల్‌ను కిందనుంచి దూర్చబోతే గేటు కాసే మనిషి అరిచాడు. "అరే భాయ్, పాగల్ హువా క్యా? గాడీ ఆరీ!" గూడ్సు బండి... ఎంతకీ తరగదు. బాపు పెదాలు కదులుతున్నాయి. "జర ఆగు తమ్మీ... కాల్చకు తమ్మీ..." అంటున్నాడు తనలో తనే. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

తోట కంచె దగ్గరికి చేరేసరికి పొద్దు గుంకుతోంది. అప్పుడే వినిపించింది... ఢాం!

బాపు సైకిల్ వదిలేశాడు. నేనూ సైకిలూ ఇద్దరం కింద పడ్డాం. "నర్సింగా! ఒరే నర్సింగా!" అంటూ పందిళ్ల కింద వంగి ఉరుకుతున్నాడు. నేనూ వెనకే ఉరికాను గానీ, కాక మొహం ఎలా ఉంటుందోనని కళ్లెత్తాలంటేనే భయం...

పందిరి చివర కాక నిలబడి ఉన్నాడు. నిక్షేపంగా. తుపాకి భుజానికి ఆనించి మళ్లీ గురి చూస్తున్నాడు.

బాపు వెళ్లి నాళిని పైకి నెట్టేశాడు.

"ఏందన్నా! కుందేలు పాయె గదా," అన్నాడు కాక.

"ఇప్పుడు ఏది ఏసినవ్ రా? ఏ తూటా?"

"పోయిన వారంది ఒకటి మిగిలుండె, ముందుగాల దాన్నే ఏసిన. నువ్విచ్చింది గిప్పుడే పెట్టిన. ఏమైందే? అమ్మ మంచిగున్నదా?"

బాపు తుపాకి విప్పి ఆ తూటా బయటికి తీశాడు. సంచిలోవి కూడా లాక్కుని అన్నీ తోట బావిలో పారేశాడు. వాటిలో సగం మంచివే, కానీ ఏవి ఏవో ఎవరికి తెలుసు... తర్వాత కాకను ఒక్క లెంపకాయ కొట్టాడు. వెంటనే వాటేసుకుని బోరుమన్నాడు. ఎందుకు కొట్టాడో కాకకు అర్థం కాలేదు పాపం, చెంప పట్టుకుని ఆయనా ఏడ్చాడు. వాళ్లను చూసి నేను.

ఇంటికొచ్చాక నానమ్మ అడిగితే, "ఏం లేదమ్మా, తోట చూడబుద్ధయి పోయినం," అన్నాడు బాపు. డబ్బాలు తారుమారు చేసింది తనేనని నానమ్మకు చివరిదాకా తెలియదు. బాపు మళ్లీ తూటా ముట్టలేదు. కాక తుపాకి బదులు రెండు కుక్కల్ని తెచ్చుకున్నాడు.

ఇప్పుడు ఆ తోట లేదు, అన్నీ అపార్ట్‌మెంట్లే... ఎవరికి ఏమైందో ఫోనులో క్షణంలో తెలిసిపోతుంది. మంచిదే, అలాంటి సాయంత్రం పగవాడికి కూడా వద్దు. కానీ ఒక మనిషి కోసం ఇంకో మనిషి అంత ఊపిరి తెగేలా సైకిల్ తొక్కడం మళ్లీ ఎక్కడా చూడలేదు.

మీ కోసం అలా ఉరికొచ్చినవాళ్లు ఉన్నారా? ఉంటే కింద రాయండి... కానీ ముందు వాళ్లకు చెప్పండి. మా బాపుకు చెప్పాలన్న తెలివి నాకు ఆయన పోయాకే వచ్చింది.