మల్సున్ ఎక్కే బస్సు

నిరుడు వసంతంలో ఒక సాయంత్రం మల్సున్ ఇంటి గేటుకు నల్ల ప్లాస్టిక్ సంచి ఒకటి వేలాడింది. అందులో బియ్యప్పిండి బిళ్లలు, ఉడికించిన గుడ్డు, కమలాపండు, ఒక చిన్న నీళ్లసీసా. సన్‌పో రేవులో ఆ సంచి ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆల్చిప్పల కాలం ముగిశాక, వాటిని విప్పే షెడ్డులోని ఆడవాళ్లంతా బస్సు మాట్లాడుకుని పూలు చూడ్డానికి పోతారు. ప్రతి సీటులో అలాంటి సంచి ఉంటుంది. రాలేనివాళ్ల వాటా తిరిగొచ్చేటప్పుడు వాళ్ల గేటుకు తగిలించి పోతారు. ప్రేమతోనే చేస్తారు, కాదని ఎవరూ అనరు. కానీ ఒకసారి గేటుకు సంచి వేలాడాక ఆ ఇంటి మనిషి మళ్లీ బస్సెక్కిన దాఖలా లేదు.

ఆ సంగతి మల్సున్‌కి అందరికంటే బాగా తెలుసు. ఆ సంచులు పంచే ఆచారం మొదలుపెట్టిందే ఆమె. ఏటేటా బస్సు మాట్లాడేదీ, డ్రైవర్ టాక్‌తో గొడవపడేదీ, డ్రైవర్ వెనక సీటులో కూర్చుని మైకు వదలనిదీ ఆమే. ఆ సంచిని ఆమె ముట్టుకోలేదు. మర్నాటికి బిళ్లలు రాళ్లయ్యాయి.

వాళ్ల భాషలో మల్సున్ అంటే చివరి పిల్ల. ఇక ఆడపిల్ల పుట్టకూడదని తండ్రి పెట్టిన పేరు. ఆమె తర్వాత ఇంకా ఇద్దరు చెల్లెళ్లు పుట్టారు. "నా పేరే ఎవరి మాటా వినలేదు, నేనెందుకు వింటానే?" అనేది ఆమె. పెళ్లయిన ఏడాదే షెడ్డులో చేరింది. ముసలయ్యేదాకా నిలబడే ఆల్చిప్పలు విప్పింది. కూర్చుంటే చెయ్యి నెమ్మదిస్తుందని యజమాని స్టూళ్లు వెయ్యలేదు. తడి సిమెంటు మీద మోకాళ్లు అరిగాయి. చివరికి, ఆ సంచి వేలాడే ముందు చలికాలంలో, ఆ తడి మీదే జారి పడి తుంటి విరిగింది. "చూసుకుని నడవాల్సింది" అన్నాడు యజమాని. ఆడవాళ్ల ఒళ్లు అరగదీసి బతికే చోట్లన్నిటా ఇదే మాట వినబడుతుంది.

ఆ షెడ్డు ఆడవాళ్లకి ఏడాదిలో తమకంటూ మిగిలేది బస్సు ఉన్న ఆ ఒక్కరోజే. సీట్ల మధ్య దారిలో చేతులూపుతూ ఆడేవాళ్లు. కదిలే బస్సులో ఆడితే పోలీసులు పట్టుకుంటారని టాక్ మొత్తుకునేవాడు. టోల్‌గేటు కనబడగానే అందరూ ఒక్క ఉదుటున సీట్లలో పడి నిద్ర నటించేవాళ్లు. దాటగానే మళ్లీ మొదలు. కాళ్లు షెడ్డు తినేసింది, సరే. ఆ బస్సును మాత్రం ఎవరికీ ఇవ్వదలచుకోలేదు మల్సున్.

ఈ ఏడు ఆల్చిప్పల పని ఆఖరి రోజున ఆమె తన చక్రాల కుర్చీలో షెడ్డుకు వచ్చింది. పక్కబల్ల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన దోంగ్జా కత్తి కడుగుతూ అడిగింది:

"అక్కా, పూలకొండకి పోదామనుకుంటున్నాం. నీ సంచిలో ఎర్రచిక్కుడు బిళ్లలు పెట్టించనా, నువ్వుల బిళ్లలా?"

"ఏదైనా సరే. నా సీటులో పెట్టు."

దోంగ్జా వెంటనే వీపు తిప్పి వంగి చూపించింది. "అంతేగా! ఇదుగో, ఎక్కు. బస్తాలు మోసిన వీపు, నువ్వెంత?"

"బస్తాకి ఉచ్చ రాదే పిల్లా. నాకొస్తుంది."

అందరూ పగలబడి నవ్వారు. మల్సున్ నవ్వలేదు. "ఎక్కడానికి నీ వీపు, దిగడానికి నీ వీపు, దొడ్డికి నీ వీపు. మూడోసారికి నీకే విసుగొస్తుంది, నాకు సిగ్గొస్తుంది. అప్పుడు పొద్దుట్నుంచీ నీళ్లు మానేసి కూర్చుంటా. పూలు చూడ్డానికి పోయి గొంతెండబెట్టుకోవాలా? నా కుర్చీతో నేను ఎక్కాలి. నాకు కావాల్సినప్పుడు దిగాలి."

టాక్‌ని పిలిపించారు. అతను టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"తిట్టకక్కా. నా బస్సు మెట్లు నాకే నిట్రంగా ఉంటాయి. ఈ జిల్లాలో ఏ టూరిస్టు బస్సులోకీ కుర్చీ పోదు. అట్లాంటి బస్సు ఎవరూ చెయ్యలేదు."

"కుర్చీలో ఉన్నవాళ్లు ఎక్కడికీ పోరని ఎవడు తేల్చాడట?"

"నన్నడిగితే? నేను డ్రైవర్ని."

"నిన్ను కాదులే తమ్ముడూ. నీకు వినబడేట్టు అందర్నీ అడుగుతున్నా."

తర్వాత ఆమె బస్సులు అద్దెకిచ్చేవాళ్లందరికీ ఫోన్లు చేసింది. కుర్చీ ఎక్కుతుందా అన్నదొక్కటే ప్రశ్న. ఒకడు కొడుకుతో మోయించుకోమన్నాడు. ఇంకొకడు "రోగిని తరలించాలా? అంబులెన్సుకి చెయ్యండి" అన్నాడు. "పూలు చూడ్డానికి పోవాలి నాయనా" అంటే ఫోన్ పెట్టేశాడు.

ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆమె ముందునుంచే ఆ పూట కూడా తెల్లటి మినీబస్సు పోయింది. అది పగటిపూట ముసలివాళ్లని చూసుకునే కేంద్రానిది. ఎదురు సందులో ఆగి, వెనక తలుపు తెరిచి, లిఫ్టు కిందికి దించి, ఒకప్పుడు షెడ్డులో పనిచేసిన పిల్రేని కుర్చీతో సహా పైకెత్తుకుని పోయింది. రోజూ చూస్తున్నదే. ఆ పూట మాత్రం మల్సున్ కుర్చీ తోసుకుంటూ దాని వెనకే బయల్దేరింది.

కేంద్రం నడిపే సన్‌హ్వాకి నలభై ఏళ్లుంటాయేమో. పూలకొండకి ఆ బస్సు ఇమ్మన్న మాట మొత్తం విని తల అడ్డంగా ఊపింది.

"కుదరదు పెద్దమ్మా. అది కేంద్రం వాళ్లని ఇంటినుంచి ఇక్కడికి తేవడానికే. బయటివాళ్లకి ఇస్తే ఇన్సూరెన్సు ఒప్పుకోదు."

"పొద్దున ఇక్కడికి, సాయంత్రం ఇంటికి. అది బస్సా, పలుపుతాడా?"

వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. మల్సున్ తిరిగి చూసింది. పిల్రే. చేతిలో రంగు పెన్సిల్, ముందు కాగితం మీద అచ్చేసిన పువ్వు. మల్సున్‌కి కత్తి పట్టుకోవడం నేర్పింది ఆమే.

"ఈసారి ఏ కొండకే?" అనడిగింది పిల్రే, నిన్ననే కలిసి బస్సు దిగినట్టు.

మల్సున్ చుట్టూ చూసింది. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో సగం మంది ఒకప్పటి షెడ్డువాళ్లే. అందరి గేట్లూ ఆమెకు తెలుసు. సంచి తగిలించి, తలుపు తట్టకుండా వచ్చేసిన గేట్లు.

"వీళ్లనెందుకు తీసుకుపోవు?" అని సన్‌హ్వానడిగింది.

"తీసుకుపోవాలనే ఉంటుంది. కుర్చీకొక తోడు మనిషి ఉండాలి. మనుషులేరీ? అందుకే ఏటా ఇట్లా పూలకి రంగులేయిస్తున్నాం."

"మనుషులా! నా దగ్గర షెడ్డెడు మంది ఉన్నారు. నీ విహారానికి నా మనుషులు, నా విహారానికి నీ బస్సు. నన్ను కేంద్రంలో చేర్చుకో. అప్పుడు బయటిదాన్ని కాను."

సన్‌హ్వా పైవాళ్లనడగాలంది. "అడుగు. నేనిక్కడే ఉంటా" అంది మల్సున్. పేరు రాయించుకుని, అనుమతి వచ్చేదాకా రోజూ మినీబస్సులో వచ్చి ఆఫీసు గుమ్మంలో కుర్చీ అడ్డం పెట్టుకుని కూర్చుంది. పువ్వుకి రంగెయ్యమని కాగితమిస్తే వెనక్కిచ్చింది. "చెట్టు మీదే చూస్తా." అనుమతి వచ్చింది. తోడొచ్చేవాళ్లంతా కుర్చీ తొయ్యడం నేర్చుకోవాలని ఒక షరతు పెట్టారు.

షెడ్డులో సణుగుడు మొదలైంది. "తొయ్యడానిక్కూడా బడా?" అంది ఒకామె. "ముసలివాళ్లని వేసుకుపోతే ఇక ఆటేముంటుంది, పాటేముంటుంది?" అంది ఇంకొకామె.

"నీ మోకాలికి పట్టీ ఎందుకు కట్టావే?" అనడిగింది మల్సున్.

ఆమె పాంటు కిందికి లాక్కుంది. మర్నాడు నేర్చుకోవడానికి అందరూ వచ్చారు. దోంగ్జా తోసిన తోపుకు మల్సున్ గోడ దాకా పోయింది.

"చంపుతావా ఏంటే!"

"బస్తా బండి అలవాటక్కా!"

పూలకొండకు పోయే రోజు తెల్లారేసరికి షెడ్డు ముందు రెండు బండ్లు నిలిచాయి. మినీబస్సులోకి పిల్రే ఎక్కింది, ఆమె వెనక ఇంకా ఇద్దరు, ఆఖరున మల్సున్. లిఫ్టు మూలుగుతూ లేస్తుంటే షెడ్డు ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. తోడు సీట్లు నిండిపోయాక మిగిలినవాళ్లు టాక్ బస్సెక్కారు. మైకు అందులో ఉంది. అయినా దోంగ్జా ఇందులోనే కూర్చుంది.

"నువ్వు మా వెనక రా" అని టాక్‌కి చెప్పింది మల్సున్.

"ఎప్పుడూ ముందుండే బండి అక్కా నాది!"

"ఇన్నాళ్లూ ఉన్నావుగా."

టోల్‌గేటు దగ్గర అలవాటు కొద్దీ పిల్రే కళ్లు మూసుకుని గురక నటించింది. బండంతా గొల్లుమంది. పాటకి మైకు కావలసి రాలేదు.

దారిలో మొదటిసారి ఆగినప్పుడు లిఫ్టు దిగింది. మల్సున్ దిగి, పనులన్నీ చూసుకుని, తీరిగ్గా తిరిగొచ్చింది. రెండు బండ్లూ ఆమె కోసం ఆగి ఉన్నాయి. దోంగ్జా సంచి అందించింది. మల్సున్ నీళ్లసీసా మూత తిప్పింది.

"కొంచెమే తాగక్కా, ఇంకా చాలా దారుంది."

మల్సున్ సగం తాగింది. ఊపిరి పీల్చుకుని మిగతా సగమూ తాగింది.

"ముందొచ్చే చోట మళ్లీ దిగుతా. టాక్‌తో చెప్పు, ఆగాల్సుంటుందని."