ఒడిబియ్యం మూట ములుగు బస్సెక్కిన రోజు

కేసముద్రం నుంచి వరంగల్ పోయే పాసింజర్ బండి మీద నేను చెప్పినన్ని అబద్ధాలు ఇంకెవ్వరూ చెప్పి ఉండరు. నన్ను కన్న మా అవ్వ ఆ బండిల కూసోని మామిడికాయ తొక్కు కలిపిందనీ, వరంగల్ వచ్చేసరికి అది మంచిగ ఊరిందనీ జనగామల నా దుకాణం ముంగట చాయ్ తాగేటోళ్ళకు ఎన్నిసార్లు చెప్పిన్నో లెక్క లేదు. ఇప్పుడు రాయబోయే ముచ్చట గూడ పది మందికి పది తీర్ల చెప్పిన. ఒకదాంట్ల అయితే నేను వరంగల్ నుంచి గూడెప్పాడ్ దాక బస్సు వెనుక ఉరికిన. కాయితం మీద పెడుతున్న గనుక ఈసారి ఉన్నదున్నట్టే రాస్త. కుక్క సంగతి ఒక్కటి మాత్రం నన్ను అడగద్దు.

అక్కను భూపాలపల్లి ఇచ్చినం. బావ బొగ్గుబాయిల పనిచేస్తడు. ఆ ఊరికి రైలు లేదు. అవ్వ కేసముద్రంల, నేను జనగామల. అక్కను చూడాలంటే అవ్వ మానుకోట దిక్కు నుంచి వచ్చే పాసింజర్ ఎక్కాలె, నేను జనగామ నుంచి ఇంకో బండి ఎక్కాలె, ఇద్దరం వరంగల్ల కలిసి స్టేషన్ ఎదురుంగ ఉన్న బస్టాండుల భూపాలపల్లి బస్సు పట్టుకోవాలె. రెండు రైళ్ళు, ఒక బస్సు. బండ్లు టైముకొస్తే నడుమ పావుగంట. అండ్లనే అవ్వ మోకాళ్ళు వంతెన మెట్లెక్కాలె, దిగాలె, ఆటోలను తప్పించుకుంట రోడ్డు దాటాలె. అయినా ఏండ్లకేండ్లు గట్లనే తిరిగినం. వంతెన కింద పల్లీలమ్మే ముసలామెకు మా కష్టం ఎరుకే. మమ్ముల చూస్తే చాలు, "ఉరుకుండ్రి, బస్సు ఇంక పోలే" అని మొత్తుకునేది.

ఆ రోజు అక్కకు ఒడిబియ్యం. పెండ్లయిన బిడ్డకు కొన్నేండ్లకొకసారి తల్లిగారు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, చీర తీస్కపోయి ఒడిల పొయ్యాలె. పోయినసారి మా బండి లేటై, బస్సు తప్పి, పోసే టైము దాటినంక చేరినం. "మీ తల్లిగారోళ్ళు నిన్న బయలుదేరిన్రా, మొన్ననా?" అని తోటికోడలు అక్కను అన్నదట. ఆమె తల్లిగారు కార్ల వచ్చిపోయేటోళ్ళు. ఈసారి అక్కే రెండు దినాల ముందు ఫోన్ చేసి, "తమ్మీ, పన్నెండు లోపల పొయ్యాలెనట. అది దాటితే మూఢం, మంచి గడియ ఉండదు. జర ముందుగాల రాండ్రి" అన్నది.

నా బండి టైముకే వచ్చింది. అవ్వ బండి రాలే. వచ్చేసరికి పావుగంటల పది నిమిషాలు పోయినయి. అవ్వ చేతిల మూట గుంజుకున్న.

"నువ్వు మెల్లగ రాయే అవ్వా, నేను సీటు పట్టి ఉంచుత."

"మూట పైలం బిడ్డా. కింద పెట్టకు. అక్క ఒడిల పోసేదాక ముడి విప్పద్దు."

మా దిక్కు సీటు పట్టుడంటే జేబుల దస్తీ తీసి కిటికీలకెళ్ళి వేసుడే. దస్తీ పడితే ఆ సీటు నీదే. కానీ దస్తీని తీసి పక్కకు పెట్టేటోళ్ళు గూడ ఉంటరు. నా తెలివి చూడండ్రి. పసుపు బట్టల కట్టిన ఒడిబియ్యం మూటను ఎవ్వలన్న ముట్టుకుంటరా? భూపాలపల్లి బస్సు ఎప్పుడూ ఆగే జాగల బస్సున్నది. కిటికీలకెళ్ళి మూట సీటు మీద పెట్టి, "భూపాలపల్లి రెండు సీట్లు, మావే!" అని మొత్తుకొని, అవ్వను తోలుకరానీకి వెనుకకు ఉరికిన.

బోర్డు చూడలే. ఇరవై ఏండ్లు అక్కడ అదే బస్సు ఆగింది, బోర్డెందుకు చూస్త?

అవ్వ చెయ్యి పట్టుకొని వచ్చేసరికి బస్సు గేటు దాటుతున్నది. వెనుక పెద్దపెద్ద అక్షరాలతోని ములుగు అని ఉన్నది. పక్కన పండుకున్న కుక్క లేచి నన్నొకసారి చూసి, సిగ్గుపడి మళ్ళ పండుకున్నది.

అవ్వ తిట్టలే. తిడితే బాగుండు. "పన్నెండు లోపల ఎట్లరా?" అన్నది, అంతే.

మా భూపాలపల్లి బస్సు దాని వెనుకనే వచ్చింది. ఎక్కంగనే కండక్టర్ దగ్గరికి పోయిన.

"అన్నా, ముంగటి ములుగు బస్సుల మా మూట పోయింది. అండ్ల మా అక్క బంగారం ఉన్నది. ఏడు తులాలు."

"ఏడు తులాలు కిటికీలకెళ్ళి వేసినవా?" అన్నడు కండక్టర్. బస్సంత నవ్వింది.

అవ్వ సీటు పట్టుకొని లేచి నిలవడ్డది. "నీ నోట్ల మన్నువడ! బంగారం లేదు, ఏం లేదు నాయినా. నా బిడ్డ ఒడిబియ్యం. పన్నెండు లోపల పొయ్యాలె."

నవ్వు ఆగింది. డ్రైవర్ అద్దంల అవ్వను చూసిండు. "గూడెప్పాడ్ దాక రెండు బస్సులకు తొవ్వ ఒక్కటే. కూసో అవ్వా" అన్నడు. కండక్టర్ ఆ బస్సు కండక్టర్‌కు మూడుసార్లు ఫోన్ కొట్టిండు, ఎత్తలే. నా జన్మల నేను చెప్పిన అబద్ధాలన్ని ఒక దిక్కు, అవ్వ చెప్పిన ఒక్క నిజం ఒక దిక్కు. బస్సు ఉరికింది మాత్రం అవ్వ మాటకే.

గూడెప్పాడ్ చౌరస్తాల ములుగు బస్సు లేదు. ఎప్పుడో పోయిందట. కానీ కిరాణం దుకాణం ముంగట బురఖా వేసుకున్న ఒకామె కుర్చీల కూసోని ఉన్నది. ఒడిల మా మూట.

నేను దిగంగనే గుర్తువట్టింది. "అరె భయ్యా, జర బోర్డు చూస్తే ఏం పోతుండె? భూపాలపల్లి, భూపాలపల్లి అని ఒర్లి పోయినవ్, ఇది ములుగు పోతున్నది. ఈడ తొవ్వ మారుతది గదా, మీరొస్తరని దిగిన."

"కింద పెడితే..." అని నేనేదో అనబోయిన.

"కింద పెట్టద్దంటరు గదా. మా పక్కింటోళ్ళకు పోస్తుంటే చూసిన, నాకెరుకే." ఆమె ములుగుల బిడ్డ దగ్గరికి పోతున్నదట. మా కోసం తన బస్సు ఇడిసిపెట్టింది. మళ్ళ ములుగు బస్సు గంటకో, గంటన్నరకో.

అవ్వ మోకాళ్ళ నొప్పి మరిచి దిగింది. మూటను చేతిలకు తీసుకున్నది. తీసుకొని, నన్ను విప్పద్దన్న ముడిని తానే విప్పింది.

"కొంగు పట్టు బిడ్డా" అన్నది ఆమెతోని.

"వద్దమ్మా, మీ బిడ్డవి గవి."

"గింతసేపు ఒడిల మోసినవు. ఉత్త ఒడితోని పంపుతనా?"

ఆమె తలమీది ముసుగు కొస పట్టింది. అవ్వ ఐదు దోసిళ్ళు పోసింది, ఒక కుడుక పెట్టింది. కండక్టర్ బస్సు మెట్టు మీద నిలవడి గడియారం చూసిండు గని, విజిల్ ఊదలే.

పన్నెండుకు పది నిమిషాలున్నదనంగ భూపాలపల్లిల అక్క క్వార్టర్ చేరినం. అక్క కొత్త చీర కట్టుకొని గడపల నిలవడి ఉన్నది. మమ్ముల చూసి ఒక్కసారి గట్టిగ ఊపిరి ఇడిసింది. తోటికోడలు మాత్రం మూటనే చూసింది. అవ్వ బస్సుల కట్టిన ముడి వంకరగ ఉన్నది.

"ఏందత్తమ్మా, మూట విప్పినట్టున్నది? బియ్యం గూడ తక్కువైనట్టున్నయి?"

నా నోట్ల కథ తయారైంది. కోతులు, దొంగలు, గాలిదుమారం. నోరు తెరిచేలోపల అవ్వ అన్నది.

"తొవ్వల ఇంకో బిడ్డ కలిసింది. ఆమెకూ పోసిన."

తోటికోడలు అక్క మొఖం దిక్కు చూసింది. నేనూ చూసిన. పోయినసారి మాట పడ్డది అక్క, ఇప్పుడు పడేది గూడ అక్కనే.

ఇప్పుడు నాకూ కారున్నది. జనగామ నుంచి కేసముద్రం పోయి అవ్వను ఎక్కించుకొని ఏ తొందర లేకుంట పోతున్నం. గూడెప్పాడ్ వస్తే అవ్వ అద్దం దించి ఆ దుకాణం దిక్కు చూస్తది. మూట పట్టుకొని కూసున్న ఆమె పేరు గూడ అడగలే మేము.

ఆ రోజు అక్క పీట మీద కూసోని కొంగు పరిచి, గోడ గడియారం చూసి అన్నది.

"అయితే మిగిలినయన్న జల్ది పొయ్యే అవ్వా. పన్నెండైతున్నది."