పడవ అడుగున చిల్లు

నా చిన్నప్పుడు నన్ను ఎవరెవరు ఏమేమి అన్నారో నాకు అన్నీ గుర్తున్నాయి. వాటిని మరిచిపొమ్మని మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ చెబుతూనే ఉంటారు. అన్నవాళ్ళు హాయిగా మరిచిపోతారు సరే, పడ్డవాళ్ళు కూడా మరిచిపోవాలనడం ఏం న్యాయమో నాకు అర్థం కాదు. వాటన్నిటిలోకీ ముందు చెప్పాల్సింది, మా పెదనాన్న నన్ను పదిమంది పిల్లల ముందు తాబేలు అన్న సంగతి.

మేము జంషెడ్‌పూర్‌లో సీతారాండేరాలో ఉండేవాళ్ళం. శ్రీకాకుళం వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చి అక్కడే ఉండిపోయిన కుటుంబాలు మా వీధిలో చాలా ఉండేవి. పిల్లలకి బడిలో హిందీ, ఆటల్లో హిందీ. అమ్మ తెలుగులో పిలిస్తే మేము హిందీలో పలికేవాళ్ళం. ఇలాగే వదిలేస్తే సొంత ఊరు వెళ్ళినప్పుడు బస్సు మీద బోర్డు కూడా చదవలేరని పెద్దవాళ్ళకి బెంగ పట్టుకుంది. అందుకని ఆదివారం పొద్దున్నే తెలుగువాళ్ళ హాలులో మమ్మల్ని చాపల మీద కూర్చోబెట్టి, మా పెదనాన్న తెలుగు నేర్పేవారు.

ఆయనకి ఒక పద్ధతి ఉండేది. బొమ్మల కథల పుస్తకం తెచ్చి, బొమ్మ మీద అరచెయ్యి అడ్డం పెట్టి, కింద ఉన్న అక్షరాలు మాత్రమే చదివించేవారు. బొమ్మ కనిపిస్తే పిల్లలు కథ ఊహించి చెప్పేస్తారట, అక్షరాలు కూడబలుక్కోరట. ఆఖరి పేజీలో గీతల మధ్య అచ్చువేసిన నీతిని అందరం కలిసి గట్టిగా చెప్పాలి. దాంతో ఆ కథ పని అయిపోయినట్టే.

ఆ రోజు చదివిన కథ చాలా చిన్నది. ఏటికి వరద వస్తుంది. బాతు ఒక పడవ కడుతుంది. మేక, ఉడత అందులో ఎక్కుతాయి. తాబేలు మాత్రం పడవ బాగాలేదని సణుగుతూ ఒడ్డునే ఉండిపోతుంది. మిగతావన్నీ సంతోషంగా అవతలి ఒడ్డు చేరతాయి. నీతి: సణిగేవారికి పడవలో చోటుండదు.

నేను వెనక వరసలో కూర్చున్నాను. పొడుగ్గా ఉన్నానని నన్ను ఎప్పుడూ అక్కడే కూర్చోబెట్టేవారు. నా పక్కన ఏటికి అవతల ఉన్న మాంగో అనే పేట నుంచి వంతెన దాటి ఆలస్యంగా వచ్చే చిన్నపిల్లలు ఉండేవాళ్ళు. మాకు బొమ్మలూ కనపడవు, అక్షరాలూ కనపడవు. కథ నడుస్తున్నంతసేపూ నేను తల వంచుకుని చాపతో అదే మాట గొణుగుతున్నాను. నీతి చెప్పడం అయ్యాక పెదనాన్న కళ్ళజోడు మీదుగా నా వైపు చూసి, "మరి మన తాబేలు ఎవులర్రా? అదిగో, ఎనకాల కూకుని సణుగుతున్నాది" అన్నారు.

హాలంతా నవ్వింది. మా వీధి పిల్లలు దాన్ని అప్పటికప్పుడే హిందీలోకి మార్చేసి, ఇంటికి వెళ్ళేలోపే నాకు కఛువా అని పేరు పెట్టేశారు. అది చాలదన్నట్టు పెదనాన్న ఆ పుస్తకం నా చేతిలోనే పెట్టి, వచ్చే ఆదివారం ముందుకొచ్చి ఆ కథ నేనే చెప్పాలన్నారు. నీతితో సహా. అంటే, నాకు చోటు లేదని నా నోటితో నేనే అందరికీ చెప్పాలి. చెప్పకపోతే మూతి ముడుచుకున్న తాబేలునే. చెప్పినా తాబేలునే. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

మా పక్కింటి అక్క కాలేజీలో చదువుతుండేది. మొదటి నుంచీ హిందీ మీడియం కావడంతో ఆమెకి తెలుగు మాట్లాడడమే కానీ ఒక్క అక్షరం చదవడం రాదు. ఒక మధ్యాహ్నం తలంటుకుని అరుగు మీద జుట్టు ఆరబెట్టుకుంటూ, ఒడిలో పుస్తకం విప్పకుండా పెట్టుకుని ఏడుపు ఆపుకుంటున్న నన్ను పిలిచింది.

"ఏటే కఛువా, ఇలా రా."

"నువ్వు కూడా అలా అంటే నేను రాను."

"సరే, మేడంగారూ, ఇలా రండి. ఆ కితాబ్ ఇటివ్వండి. నాకు ఈ అక్షరాలు రావు గానీ, బొమ్మలు సూసి కథ సెప్పేత్తాను."

అలా ఆమె చెప్పడం మొదలుపెట్టిన కథ నేను విన్న కథ కాదు. బాతు పడవ కడుతున్న బొమ్మలోనే పడవ అడుగున చిన్న చిల్లు ఉంది. తాబేలు దాని వైపే కాలు చాపి ఉంది. ఆ చిల్లు ప్రతి బొమ్మలోనూ ఉంది. తరువాతి బొమ్మలో మేక కాళ్ళ దగ్గర నీళ్ళు. ఆ తరువాత మేక పొట్ట దాకా నీళ్ళు, బాతు చేతిలో నీళ్ళు తోడే ముంత. ఆఖరి పేజీలో మేక గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి, వెనకాల పడవ సగం మునిగింది. ఆ పేజీ మూలన, వేలిగోరంత బొమ్మలో తాబేలు ఏరు ఈదుకుంటూ వస్తోంది. దాని వీపు మీద ఉడత కూర్చుని ఉంది.

"ఈ తాబేలు బలే మంచిదే," అంది అక్క.

నేను అక్షరాలు చదివి వినిపించాను. నీతి కూడా చదివాను. అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. బొమ్మలేసిన మనిషిని ఓ మాటైనా అడక్కుండా ఎవరో కథ రాసేసినట్టున్నారంది. తరువాత నవ్వు మానేసి ఒక ప్రశ్న అడిగింది. "అవునే, తాబేలుకి పడవెందుకు? అది ఈదగల్దు కదా. మరి ఎవులి కోసం సణిగింది?"

అంతవరకూ ఆ కథలో తాబేలుకి కూడా ఒక మనసు ఉంటుందని నాకు తట్టలేదు. దానికి మునిగిపోతానన్న భయం లేదు. మునిగేవాళ్ళ గురించే దాని బాధంతా. నా ముఖం వెలిగిపోయి ఉంటుంది, ఎందుకంటే అక్క వెంటనే మళ్ళీ మొదటి పేజీ తిప్పింది.

"ఎక్కువ సంబరపడకు. దీని మొకం ఎటుందో సూడు."

తాబేలు కాలు చిల్లు వైపు ఉంది కానీ, ముఖం పొద వైపు ఉంది. అది చెప్పేదంతా పొదకే చెబుతోంది. బాతుకి వీపు తప్ప ఏమీ కనపడదు. అక్క వాళ్ళ నాన్న గమ్హరియాలో ఒక కర్మాగారంలో పని చేసేవారు. అక్కడ మిషన్ నుంచి నూనె కారుతుంటే క్యాంటీన్‌లో కూర్చుని గొణిగితే లాభం లేదని, ఫోర్‌మేన్‌ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కారే చోట వేలు పెట్టి చూపిస్తారని చెప్పింది. "నువ్వు మొన్న చాపకి సెప్పుకున్నావు. చాపేటి సేత్తాది, పాపం?"

ఆదివారం వచ్చింది. నేను ముందుకు వెళ్ళాను కానీ అక్కడ నిలబడలేదు. పుస్తకం విప్పి పట్టుకుని నేరుగా వెనక వరసకి వెళ్ళి, ఒక్కో బొమ్మా చిన్నపిల్లల కళ్ళ ముందు పెట్టి కథ చెప్పాను. చిల్లు దగ్గర ప్రతిసారీ వేలు పెట్టాను. పెదనాన్న కొంతసేపు చూసి, "బొమ్మల సంగతి తరవాత, ముందు నీతి సెప్పు" అన్నారు.

నేను ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. తాబేలు సణగలేదని, చిల్లు ఉందని చెప్పిందని అన్నాను. పుస్తకం ఆయన చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, అంతకాలం తన అరచెయ్యి కింద ఉన్న బొమ్మని మొదటిసారి చూశారు.

"బొమ్మేసినోడు తప్పేసినట్టున్నాడు," అన్నారు చివరికి.

మాంగో నుంచి వచ్చే చిన్నోడు ఒకడు లేచి, "నహీఁ తాతా, హర్ పన్నే మే హై" అన్నాడు. అన్ని పేజీల్లోనూ చిల్లు ఉందని వాడికి వెనక వరసలో ఇప్పుడే కనపడింది మరి. అంతే, పిల్లలందరూ లేచి పుస్తకం చుట్టూ మూగారు. ఆ సందడిలోనే నేను పెదనాన్న ముఖంలోకి చూస్తూ చెప్పాల్సిన రెండో మాట చెప్పాను. "పెదనాన్నా, ఎనకాల కూకున్నోళ్ళకి ఏటీ కనపడట్లేదు. మొన్న నేను అన్నది అదే."

ఆయన తరువాతి ఆదివారం మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, పుస్తకం మా వైపు తిప్పి పట్టుకున్నారు. చెయ్యి అడ్డం పెట్టలేదు. అలాగని నన్ను అన్న మాట వెనక్కి తీసుకోనూ లేదు. పోయేదాకా తీసుకోలేదు. నేనూ మరిచిపోలేదు, ఆయనకి ఆ సంగతి తెలుసు కూడా.

పిల్లల పుస్తకంలో నీతి అచ్చువేసిన చోటే ఉండాలన్న నియమం లేదని నాకు ఆ రోజు తెలిసింది. ఎవరిని చూసి నవ్వమని కథ చెబుతోందో, ఆ మనిషి బొమ్మలో ఏం చేస్తున్నాడో కూడా చూడాలి. ఫిర్యాదు చేసే అలవాటు నాకు పోలేదు, పోగొట్టుకోవాలన్న కోరికా లేదు. ఈ వయసులో కూడా వీధిలో దీపం వెలగకపోతే ఆఫీసుకి వెళ్ళి, కుర్చీలో ఉన్న మనిషి కళ్ళలోకి చూసి చెబుతాను, రమ్మని తీసుకొచ్చి స్తంభం చూపిస్తాను. వాళ్ళకి నేనంటే చిరాకు. అయినా దీపం వెలుగుతుంది.

మొన్న మా మనవరాలు గోడ వైపు తిరిగి ఏదో గొణుగుతుంటే, దీనికి అంతా నాయనమ్మ పోలికేనని మా అబ్బాయి నవ్వాడు. వాడు అన్న ఆ మాట కూడా నాకు గుర్తుంటుంది. నేను లేచి వెళ్ళి, దాని భుజాలు పట్టుకుని నా వైపు తిప్పుకుని, "నాకు సెప్పు. ఎక్కడుందో సూపించు" అన్నాను. అది కాసేపు నమ్మలేనట్టు చూసింది. తరువాత నా వేలు పట్టుకుని నడిచింది.